అరవై ఒకటో బిడ్డ

(హిందూపురంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని పేరిట ఏర్పాటైన ధర్మనిధి ఉపన్యాసం, అచ్చు ప్రతి)



కాందిశీకుల పిల్లల చదువు గురించి మాట్లాడతానని చెప్పగానే నిర్వాహకుల్లో ఒకరు "మన దగ్గర కాందిశీకులెవరున్నారు సార్?" అన్నారు. అడగవలసిన ప్రశ్నే. హింసిస్తారన్న భయంతో దేశం సరిహద్దు దాటి వచ్చినవాళ్లనే 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడిక కాందిశీకులంటుంది. ఆ ఒడంబడిక మీద మన దేశం ఇప్పటికీ సంతకం చేయలేదు. ఆ లెక్కన చూస్తే హిందూపురం చుట్టుపక్కల అలాంటి శిబిరమేదీ లేదు. అయితే బడి గడప దగ్గర నిలబడిన బిడ్డ తుపాకీకి భయపడి వచ్చాడా, కరువుకు భయపడి వచ్చాడా అన్నది ఒకటో తరగతి అయ్యవారికి అక్కరలేని సంగతి. ఆయన ముందున్న చిక్కు వేరు. ఈ బిడ్డకు తన మాట అర్థం కాదు, బిడ్డ మాట తనకు అర్థం కాదు, చేతిలో కాగితం లేదు, ఏడాది మధ్యలో వచ్చాడు, మళ్లీ ఎప్పుడు పోతాడో తెలియదు. ఈ చిక్కు హైదరాబాదు బాలాపూర్‌లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా బిడ్డ దగ్గరా అదే, తూమకుంట ఫ్యాక్టరీ షెడ్డు వెనకున్న బీహారు బిడ్డ దగ్గరా అదే, బెంగళూరులో టార్పాలిన్ కింద పడుకున్న మన మడకశిర బిడ్డ దగ్గరా అదే. అందుకే ముగ్గురినీ ఒకచోట చేర్చి మాట్లాడబోతున్నాను. చట్టం వాళ్లను వేరువేరు పేర్లతో పిలుస్తుందని నాకు తెలుసు.

వచ్చినవాళ్లకు చోటివ్వడం ఈ సీమకు కొత్త కాదు. 1565లో రక్కసి తంగడి దగ్గర ఓటమి తర్వాత తిరుమలరాయలు విజయనగరం వదిలి ఖజానాతో, పరివారంతో వచ్చి చేరింది పెనుకొండకే. రాజధాని చంద్రగిరికి మారేదాకా ఒక సామ్రాజ్యం ఈ కొండ నీడన తలదాచుకుంది. హిందూపురం సంగతి చూసినా, మరాఠా సర్దారు మురారిరావు తన తండ్రి హిందూరావు పేరిట కట్టించాడని చెబుతారు. రాజులకు చోటిచ్చిన ఊళ్లు కూలీలకు ఇవ్వవా అని ఉపన్యాసకులు అడగడం మామూలు. నేను అడగను. రాజులకు చోటివ్వడం ఎప్పుడూ సులువే.

ఈ తేడా చూడాలంటే 1565 దాకా పోనక్కర్లేదు. పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైంది. ఆ తర్వాత హోటళ్ల బోర్డుల మీద కొరియన్ అక్షరాలు కనబడ్డాయి, మనవాళ్లు ముచ్చటపడ్డారు. కొరియా ఇంజనీరు బిడ్డ చదువు గురించి ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కర్లేదు, దాన్ని కంపెనీ చూసుకుంటుంది. ఫ్యాక్టరీలకు పునాదులు తవ్వినవాళ్లు, కడ్డీలు వంచినవాళ్లు, తూమకుంట పారిశ్రామికవాడలో ఇనుము కరిగించే కొలుముల దగ్గర నిలబడేవాళ్లు బీహారు నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, ఒడిశా నుంచి వచ్చారు. మొదట మగవాళ్లే వచ్చారు. రెండు మూడేళ్లకు కొందరు పెళ్లాం బిడ్డలను తెచ్చుకున్నారు. ఆ బిడ్డల కోసం ఏ హోటలూ బోర్డు మార్చలేదు.

మనం వచ్చేవాళ్లను చూసేవాళ్లమే కాదు, పోయేవాళ్లం కూడా. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తానికీ పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. శెనక్కాయ పంట పోయిన ఏడు, బోరు ఎండిన ఏడు, ధర్మవరంలో పట్టు నూలు ధర పెరిగి మగ్గం ఆగిన ఏడు ఇంటికి తాళం పడుతుంది. కదిరి వైపు నుంచి కేరళకు, మన వైపు నుంచి బెంగళూరుకు పోతారు. ముసలమ్మ ఒక్కతే అరుగు మీద మిగిలిన వీధులు మీకు తెలుసు. పిల్లలను వెంట తీసుకుపోతే చదువు పోతుంది, ముసలమ్మ దగ్గర వదిలితే తిండి పోతుంది. దీనికోసమే ప్రభుత్వం వలస మండలాల్లో సీజనల్ హాస్టళ్లు పెట్టింది. తల్లిదండ్రులు పోయిన నెలల్లో బిడ్డలు బడి దగ్గరే తిని, అక్కడే పడుకుని చదువుకుంటారు. మంచి ఆలోచన. కానీ వలస వాన చెప్పినట్టు నడుస్తుంది, హాస్టలు మంజూరు ఫైలు చెప్పినట్టు నడుస్తుంది. రెండూ ఒకే నెలలో కలవడం అరుదు.

అటు బెంగళూరులో కర్ణాటకవాళ్లు కట్టడాల దగ్గర టెంట్ స్కూళ్లు నడిపారు. పేరుకు తగ్గట్టే గుడారంలో బడి. మన తెలుగు బిడ్డలు అక్కడ పరాయి బిడ్డలు. సరిహద్దు పిల్లలు కాబట్టి కాస్త నయం. హిందూపురం, మడకశిర బిడ్డకు కన్నడం చెవిన పడే ఉంటుంది, పైగా రెండు లిపులూ అక్కాచెల్లెళ్లు, కొన్ని వారాల్లో అక్షరాలు పట్టుకుంటాడు. ధర్మవరం బిడ్డకు ఆ సౌకర్యం తక్కువ. ఇక్కడ నాలుగో తరగతి చదివిన పిల్ల అక్కడ ఒకటో తరగతిలో కూర్చుంటుంది, ఊరికి తిరిగొస్తే ఇక్కడ మళ్లీ నాలుగులో కూర్చుంటుంది. రెండేళ్లు ఇట్లా గడిచాక ఆ పిల్ల బడి మానేస్తే చదువు అబ్బలేదంటాం.

ఇక చట్టం మాట. రాజ్యాంగంలోని 21ఎ అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఉన్న పిల్లలందరికీ చదువు ఇవ్వాలంటుంది. ఆ అధికరణం "పౌరులందరికీ" అనలేదు, పిల్లలందరికీ అంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఇంకా వివరంగా చెబుతుంది. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడినదాన్ని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. నిబంధనల ప్రకారం ఆ శిక్షణ తక్కువలో తక్కువ మూడు నెలలు, ఎక్కువలో ఎక్కువ రెండేళ్లు. టీసీ రాలేదని, వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండరాదు. వలస కుటుంబాల పిల్లలను చేర్చుకునేలా చూడడం స్థానిక సంస్థ బాధ్యత అని 9వ సెక్షన్‌లో విడిగా రాశారు. స్థానిక సంస్థ అంటే మన పంచాయతీ, మన మునిసిపాలిటీ. ఆధార్ సంగతి 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. బడిలో చేరడానికి దాన్ని తప్పనిసరి చేయకూడదు. రోహింగ్యా పిల్లల విషయంలో 2025 ఫిబ్రవరిలో అదే కోర్టు, చదువులో ఏ బిడ్డ మీదా వివక్ష చూపరాదని, ఆ పిల్లలు ముందు ప్రభుత్వ బడికి వెళ్లి అడగవచ్చని, కాదంటే హైకోర్టుకు పోవచ్చని చెప్పింది.

ఇంత చట్టం ఉన్నాక ఇంకేం కావాలి అనిపిస్తుంది. హెడ్మాస్టరు కంప్యూటరు ముందు కూర్చుంటే తెలుస్తుంది. పిల్లల వివరాలుండే చైల్డ్ ఇన్ఫోలో పేరెక్కాలి, ప్రతి బిడ్డకూ శాశ్వతంగా ఇచ్చే పెన్ నంబరు కావాలి, పాత బడి వాళ్లు అక్కడ తొలగిస్తేనే ఇక్కడ చేరుతుంది. పాత బడి గయ జిల్లాలో ఉంటే ఫోన్ ఎవరికి చేయాలి? తల్లి ఖాతాలో డబ్బు పడే పథకాలన్నీ రేషన్ కార్డు, ఆధార్ లెక్కల మీద నడుస్తాయి, ఆ కార్డు వేరే రాష్ట్రంలో ఉంది. హెడ్మాస్టరు మంచివాడైతే బిడ్డను కూర్చోబెట్టి అన్నం పెట్టిస్తాడు. కానీ రికార్డులో లేని బిడ్డకు పుస్తకం రాదు, యూనిఫారం రాదు, పరీక్ష పేపరూ రాదు. చట్టం ప్రకారం బిడ్డ బడిలో ఉన్నాడు, లెక్క ప్రకారం లేడు. ఈ చిక్కుకు హెడ్మాస్టరును తిట్టి లాభం లేదు. మండల విద్యాధికారి స్థాయిలో ఒకరికి ఈ పని అప్పజెప్పాలి, అంతే. ఇది పెద్ద సంస్కరణేమీ కాదు.

అసలు కష్టం భాష. దీని దగ్గర కాసేపు ఆగుతాను. నా ఉద్యోగ జీవితమంతా చూసింది ఇదే కాబట్టి.

తొమ్మిదేళ్ల బిడ్డ, బీహారులో మూడో తరగతి చదివి వచ్చాడనుకోండి. నలభై మూడులోంచి పదిహేడు తీసెయ్యమంటే మనసులోనే తీసేస్తాడు, వాళ్లమ్మ కొట్టుకు పంపితే చిల్లర సరిగా తెస్తాడు. మన బడిలో నల్లబల్ల మీద "తీసివేతలు" అన్న మాట చదవలేడు. పేజీకి ఒకవైపు తెలుగు, మరోవైపు ఇంగ్లీషు ఉన్న మన పాఠ్యపుస్తకం మన పిల్లలకు ఆసరానే, వాడికి మాత్రం రెండు వైపులా గోడే. సంవత్సరం చివర వాడి పేరు ఎదురుగా "లెక్కల్లో వెనకబడినాడు" అని రాస్తాం. వాడు వెనకబడింది లెక్కల్లో కాదు. ఈ తేడా పట్టుకోవడానికి వాడి భాషలో పది నిమిషాలు మాట్లాడే మనిషి ఒకరుంటే చాలు.

ఆ మనిషి మన హిందూపురంలో ఉన్నాడు, మనకే తట్టలేదు. ఈ ఊళ్లో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడు మాధ్యమాల్లోనూ ప్రభుత్వ బడులు ఉన్నాయి. ఇలాంటి ఊళ్లు రాష్ట్రంలో ఎన్నో లేవు. ఉర్దూ మాధ్యమ బడిలో పాఠం చెప్పే టీచరమ్మ మాటకూ, బీహారు నుంచి వచ్చిన బిడ్డ మాటకూ నోటి మీద పెద్ద తేడా లేదు. లిపి వేరు, మతం వేరు కావచ్చు, మాట మాత్రం అర్థమవుతుంది. వారానికి రెండు సాయంత్రాలు ఆ టీచరమ్మ వచ్చి కూర్చుంటే ఆ పిల్లలు తెలుగు అక్షరాలు ఎంత తొందరగా పట్టుకుంటారో చూడండి. హైస్కూళ్లలో హిందీ పండితులు ఉండనే ఉన్నారు. ఆరో తరగతి నుంచే హిందీ గనుక ప్రాథమిక బడికి వాళ్లు అందరు, అదొక్కటే అడ్డం. అదే ఆవరణలో ప్రాథమిక బడి కూడా ఉన్నచోట ఆ అడ్డమూ లేదు.

ఒడియా బిడ్డకు మాత్రం ఈ ఊళ్లో మాట తోడు లేదు. దానికీ దారి ఉంది, తెలంగాణలో నడిచి చూశారు. ఒడిశాలోని బలాంగీర్ వైపు నుంచి ఏటా ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల పిల్లలకు పెద్దపల్లి వంటి జిల్లాల్లో బట్టీల దగ్గరే ఒడియా బడులు నడిపారు. ఒడియా తెలిసిన టీచర్లు, ఒడిశా ప్రభుత్వం పంపిన పుస్తకాలు. బట్టీ సీజను ఆరేడు నెలలు, తర్వాత వాళ్లు తిరిగి పోతారు, కాబట్టి వాళ్ల భాషలోనే చదువు సాగడం న్యాయం. ఎవరు తిరిగిపోతారు, ఎవరు ఉండిపోతారు అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. తిరిగిపోయే బిడ్డకు తన భాష తెగకూడదు. ఉండిపోయే బిడ్డకు మన భాష రావాలి. అందరికీ ఒకే మందు రాసిస్తే ఏ రోగమూ కుదరదు.

టిబెటన్ల విషయంలో ఈ ప్రశ్నకు పెద్దలు స్పష్టంగా జవాబు చెప్పారు. 1959లో దలైలామా వచ్చారు, మరుసటి ఏడాది మార్చిలో ముస్సోరీలో టిబెటన్ పిల్లల కోసం తొలి బడి తెరిచారు. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వమే వాళ్ల బడుల కోసం ప్రత్యేక సంస్థను పెట్టింది. మనకు దగ్గరలోని మైసూరు జిల్లా బైలకుప్పలో వాళ్ల స్థావరానికి వెళితే, చిన్న తరగతుల్లో టిబెటన్ భాషలో చదువు చెప్పడం చూడవచ్చు. తిరిగి పోతామన్న ఆశ ఉన్న జాతి గనుక భాషను కాపాడుకున్నారు. ఆరు దశాబ్దాల తర్వాత కూడా వాళ్ల పిల్లలు తమ లిపిలో రాస్తున్నారంటే ఆ నిర్ణయం గొప్పదే. అయితే ప్రత్యేక బడి అంటే పక్క ఊరి బిడ్డతో ఒకే బెంచీ మీద కూర్చోని బాల్యం కూడా. ఆ మాట పొగిడేవాళ్లు చెప్పరు.

తమిళనాడు ఇంకో దారి పట్టింది. 1983 నుంచి శ్రీలంక తమిళులు పడవల్లో వచ్చి శిబిరాల్లో చేరారు. భాష ఒకటే కాబట్టి పిల్లలను నేరుగా ప్రభుత్వ బడుల్లో చేర్చుకున్నారు. ఆ కాందిశీకులే కలిసి 1984లో చంద్రహాసన్ నాయకత్వంలో ఓఫర్ అనే సంస్థ పెట్టుకుని, శిబిరాల్లో సాయంకాలపు ట్యూషన్లు నడిపారు. చదువుకున్న కాందిశీక యువతే చిన్నవాళ్లకు చెప్పారు. 1991లో రాజీవ్ గాంధీ హత్య తర్వాత కొన్నేళ్లు పైచదువుల తలుపులు మూసుకున్నాయి, తర్వాత తెరుచుకున్నాయి. ఎవరో పెద్దవాళ్లు చేసిన ఘోరానికి ఆ ఏడు పన్నెండో తరగతి పాసైన పిల్ల ఇంట్లో కూర్చుంది. రాజకీయం మారితే ముందు పోయేది ఈ పిల్లల చదువే. ప్రపంచమంతటా తీరు ఇదే. ఐక్యరాజ్యసమితి కాందిశీకుల సంస్థ 2023 నివేదిక ప్రకారం బడి వయసు కాందిశీక పిల్లలు కోటీ 48 లక్షల మంది. వాళ్లలో సగానికి పైగా, అంటే 70 లక్షలకు మించి, బడికి బయట ఉన్నారు.

తెలుగు నేల మీద అన్నిటికన్నా బాధ పెట్టే కథ గుత్తికోయల పిల్లలది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక ఆ రెండు పక్షాల మధ్య నలిగి వేల కుటుంబాలు అడవి దారిన ఖమ్మం, వరంగల్ జిల్లాలకు వచ్చాయి. సల్వాజుడుం రాజ్యాంగానికి విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు చెప్పేసరికి ఇక్కడ పుట్టిన బిడ్డకు ఐదారేళ్లు నిండాయి. వీళ్లు మన దేశ పౌరులే, కాబట్టి కాందిశీకులు కారు. కానీ ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనులైన వాళ్లకు ఇక్కడ ఆ సర్టిఫికెట్ దొరకదు. అక్కడ బడిలో హిందీ, ఇక్కడ తెలుగు, ఇంట్లో కోయ. అడవిలో వేసుకున్న గూడెం అటవీ శాఖ లెక్కలో ఆక్రమణ. గుడిసె పీకేసినప్పుడు బడి కూడా పోయినట్టే. ఇంతలో 2014లో రాష్ట్రం విడిపోయి ఖమ్మం జిల్లాలోని చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. కొన్ని గూడేల పిల్లలు కదలకుండా కూర్చుని ఉండగానే రాష్ట్రం మారిపోయింది. అయినా అక్కడ ఒక మేలు ఉంది. స్థానిక కోయలూ వాళ్లూ ఒకరి మాట ఒకరు అర్థం చేసుకుంటారు. కోయ తెలిసిన స్థానిక యువతను పెట్టిన చోట పిల్లలు నిలిచారు, పెట్టని చోట జారిపోయారు. బడి భవనం కన్నా ఆ ఒక్క మనిషి ముఖ్యమని నేను పదే పదే చెప్పేది అందుకే.

ఈ మాటను మన జిల్లా కూడా నిరూపించింది. ఇక్కడికి దగ్గరలో, ధర్మవరం పక్కన బత్తలపల్లిలో, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) ఆసుపత్రి ఉన్న చోట ఆ సంస్థను స్థాపించిన విసెంటే ఫెర్రర్ సమాధి ఉంది. ఆయనను మనం ఇళ్లు కట్టించిన ఫాదర్‌గా, ఆసుపత్రి కట్టించిన ఫాదర్‌గా గుర్తుపెట్టుకున్నాం. ఆయన ఒకప్పుడు కాందిశీకుడన్నది చాలామందికి తెలియదు. 1920లో బార్సిలోనాలో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో కుర్రవాడిగానే గణతంత్ర సైన్యంలో చేరి, ఓడిపోయి, లక్షల మందితో పాటు కొండలు దాటి ఫ్రాన్సు చేరాడు. అక్కడ సముద్రపు ఒడ్డున ఇసుకలో ముళ్లకంచె వేసిన ఆర్జెలెస్ శిబిరంలో ఉన్నాడు. తర్వాత పాదరీ అయి మన దేశం వచ్చి మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల మధ్య పనిచేశాడు. అక్కడి పెద్దలకు కంటగింపై 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. తిరిగి రావడానికి అనుమతి దొరికి 1969లో చేరిన ఊరు అనంతపురం. ఆయన చనిపోయింది 2009 జూన్ 19న. మర్నాడు ప్రపంచ కాందిశీకుల దినం. అది కాకతాళీయమే, ఏ అర్థమూ వెతకనక్కర్లేదు.

ఆయన, ఆయన భార్య ఆన్ ఫెర్రర్, ఇక్కడి కార్యకర్తలు కలిసి చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఊళ్లలోని సప్లిమెంటరీ స్కూళ్లు. అవి ప్రభుత్వ బడికి పోటీ బడులు కావు. పొద్దున్నే, మళ్లీ సాయంత్రం, దళితవాడలో ఒక చిన్న గదిలో, అదే ఊరి చదువుకున్న యువకుడో యువతో కూర్చుని పిల్లలకు చదివించేవాళ్లు. పగలు పిల్లలు ప్రభుత్వ బడికే పోవాలి. ఇంట్లో చదువు తెలిసిన మనిషి లేని బిడ్డకు ఆ లోటు పూడ్చడమే వాటి పని. ఆ పిల్లలు ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు కారు, ఊళ్లోనే పుట్టి ఊరికి వెలుపల ఉంచబడినవాళ్లు. ఈరోజు ఉమ్మడి అనంతపురం జిల్లాలో మొదటి తరం టీచర్లను, నర్సులను, ఇంజనీర్లను అడిగితే ఆ చిన్న గది పేరు చెప్పేవాళ్లు ఎక్కడైనా కనబడతారు. ఇదే పద్ధతి వచ్చిన పిల్లలకు ఎందుకు పనికిరాదు?

ఇలాంటి అనుభవం తెలుగు నేల మీద ఇంకొకటీ ఉంది. మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట నడిచే ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పనికి పోయే పిల్లల కోసం బ్రిడ్జి కోర్సులు నడిపింది. దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. వయసుకు తగిన తరగతి, అందాకా ప్రత్యేక శిక్షణ అని చట్టంలో రాసుకున్న పద్ధతి ఆ శిబిరాల్లో ముందే నడిచి చూసినదే. తెలుగువాళ్లం దేశానికి నేర్పిన పాఠాన్ని మన ఊళ్లో పక్కన పెట్టుకుని కూర్చున్నాం.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న మాటకు వస్తాను. సభలో పైకి అనరు, బయట టీ కొట్టు దగ్గర అంటారు. "మన పిల్లలకే సార్లు లేరు, వీళ్లకెందుకు?" ఈ మాట అన్నవాణ్ణి సంకుచితుడని తీసిపారేయడం నాకిష్టం లేదు. ధర్మవరంలో మగ్గం పక్కన కండెలు చుడుతూ బడి మానేసిన బిడ్డ తండ్రి ఆ మాట అంటే అందులో న్యాయం ఉంది. తనకు లేనిది పక్కవాడికి ఇస్తున్నారనిపిస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. ఉగాండా వంటి పేద దేశం ఈ మంటను ముందే కనిపెట్టింది. అక్కడ లక్షలాది కాందిశీకులకు భూమి ఇచ్చి ఊళ్ల పక్కనే ఉండనిచ్చారు, వాళ్ల పేరిట వచ్చే సాయంలో సుమారు 30 శాతం చోటిచ్చిన ఊళ్లకు పోవాలని పద్ధతి పెట్టుకున్నారు. కాందిశీక బిడ్డ కోసం కట్టిన తరగతి గదిలో ఊరి బిడ్డా కూర్చుంటాడు. ఆ పద్ధతి అన్నిచోట్లా సవ్యంగా నడవలేదు, తరగతికి వంద దాటిన పిల్లలు ఉన్న బడులు అక్కడ ఎన్నో. కానీ ఆలోచన సరైనది. ఊరికి లాభం కనబడకపోతే వచ్చిన బిడ్డ ఊరికి భారంగానే కనబడతాడు.

మన దగ్గర ఆ లాభం చట్టంలోనే రాసి ఉంది. విద్యాహక్కు చట్టం అనుబంధం తీసి చూడండి. ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 దాకా ముగ్గురు. అంటే 60 మంది ఉన్న బడికి తూమకుంట షెడ్డులోంచి ఒక్క బీహారు బిడ్డ వచ్చి చేరితే, ఆ 60 మంది ఊరి పిల్లలకూ మూడో టీచరును అడిగే హక్కు వస్తుంది. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులను పంచుకోవడానికీ ముగ్గురు పంచుకోవడానికీ తేడా ఏమిటో ఈ సభలో ఉన్న టీచర్లకు నేను చెప్పాలా? పిల్లలు తగ్గిపోయి బడులు కలిపేస్తున్న రోజులివి. మన ఊరి బడి మూతపడకుండా నిలబెట్టేది రేపు ఆ షెడ్డు పిల్లలే కావచ్చు. ఈ లెక్క తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ఒక్కసారి నల్లబల్ల మీద వేసి చూపించండి. జాలి గురించి గంట సేపు మాట్లాడినదాని కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఒకే షరతు, ఆ బిడ్డ పేరు రికార్డులో ఎక్కాలి. బడిలో కూర్చోబెట్టి అన్నం పెడితే పుణ్యం వస్తుందేమో గానీ మూడో టీచరు రాడు.

కాబట్టి పిల్లలను వెతుక్కుంటూ మనమే పోవాలి. జూన్ 12న బడులు తెరిచినప్పుడు టీచర్లు ఊళ్లో ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ తిరుగుడు ఊరి చివరి ఇంటి దగ్గర ఆగిపోతుంది. షెడ్లు ఆ చివరి ఇంటి తర్వాత ఉన్నాయి. వాళ్లు జూన్‌లో రారు కూడా, దసరా తర్వాతో సంక్రాంతి తర్వాతో వస్తారు. ఏడాదికి మూడుసార్లయినా పోయి చూడాలి, వెంట హిందీ వచ్చిన మనిషి ఉండాలి. అదే విధంగా ఇక్కడి నుంచి బెంగళూరు పోయే కుటుంబం చేతిలో టీసీ, బిడ్డ పెన్ నంబరు, ఏ తరగతి దాకా ఏం వచ్చో కన్నడంలో రాసిన ఒక చిన్న చీటీ పెట్టి పంపాలి. కన్నడ మాధ్యమ బడులున్న ఊళ్లో ఆ చీటీ రాసేవాళ్లకు కొదవ లేదు.

ఈ నిధి ఎవరి పేరిట ఉందో ఆ సారు గురించి ఒక్క మాట. ఆయన బడిలో తెలుగు, కన్నడం, ఉర్దూ మాట్లాడే పిల్లలు కలిసి కూర్చునేవాళ్లని, ఏ బిడ్డనూ ఏడాది మధ్యలో వచ్చాడని తిప్పి పంపలేదని ఇక్కడున్న శిష్యులే ఇందాక చెప్పారు. అప్పట్లో చట్టం లేదు. ఆయన అడిగిన కాగితం బిడ్డ ముఖమే.

చివరగా ఈ ధర్మనిధి బాధ్యులకు ఒక విన్నపం. నిధి మీద వచ్చే వడ్డీతో ఏటా ఒక వక్తను పిలుస్తున్నారు, శాలువా కప్పుతున్నారు, ఉపన్యాసం అచ్చు వేసి పంచుతున్నారు. నా తర్వాత వక్తను ఒక్క ఏడాది పిలవకపోతే సాహిత్యానికి గానీ సమాజానికి గానీ నష్టమేమీ ఉండదు. ఆ డబ్బుతో తూమకుంట దగ్గరి ఒక ప్రభుత్వ బడిలో, తెలుగూ హిందీ రెండూ వచ్చిన ఈ ఊరి అమ్మాయిని ఒకరిని సాయంకాలపు తరగతికి పెట్టండి. వచ్చిన పిల్లలతో పాటు ఊరి పిల్లలనూ అందులో కూర్చోబెట్టండి. డబ్బు చాలకపోతే తలాకొంత వేసి ఈ నిధిని నిలబెట్టిన సారు పాత విద్యార్థులను మళ్లీ అడగండి, నా వంతు నేను వేస్తాను. ఏడాది తర్వాత ఉపన్యాసానికి బదులు ఆ అమ్మాయి రాసిన హాజరు పట్టీని అచ్చు వేసి పంచండి.